బొమ్మ లేదు, సప్పుడు లేదు

సిరిసిల్లలోని మా తల్లిగారింట్లో మెల్లగా మాట్లాడడం ఎవరికీ రాదు. ముందు గదిలో నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దస్తమానం దడదడలాడుతుంటాయి. ఆ మోతలో అరవాలి, లేదంటే చేతులతో సైగ చేయాలి. పెళ్లయి కరీంనగర్ వెళ్లిన కొత్తలో నేను ఉప్పు అందుకొమ్మన్నా మా అత్తగారు ఉలిక్కిపడేది.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ సాంచెల పక్కనే కూర్చుని నా చిన్నప్పటి నుంచీ కండెలు చుడుతోంది. ఆమెకున్న ఒకే ఒక్క షోకు సాయంత్రం సీరియల్. మొన్నామధ్య ఫోన్ చేసింది. ఫోన్లో అవ్వతో మాట్లాడడమంటే ఆమె చెప్పడం, మనం వినడం. మన మాటకు సందే దొరకదు.

"టీవీ సచ్చింది బిడ్డా. బొమ్మ లేదు, సప్పుడు లేదు. మీ బాపు పాత సామాన్లోనికి ఏస్తనంటుండు. రేపో మాపో గా పిల్ల లగ్గం. ఎవన్ని చేసుకుంటదో నాకెట్ల ఎరుకైతది?"

గా పిల్లంటే సీరియల్లో పిల్ల.

బాపు తప్పేమీ లేదు. మెకానిక్‌కు ఫోన్ చేశాడు. అతను బొమ్మ వస్తుందా, చప్పుడు వస్తుందా అని అడిగాడు. సాంచె దగ్గరున్న బాపు లోపలి గదిలోని అవ్వను సైగతో అడిగాడు. ఆమె రెండింటికీ చేయి అడ్డంగా ఊపింది. రెండూ లేవంటే బోర్డే పోయి ఉంటుంది, బాగు చేయించినా దండుగ, కొత్తది కొనుక్కోండి అన్నాడు మెకానిక్. కొత్తది దసరాకు చూద్దామన్నాడు బాపు. దసరాదాకా ఆ పెళ్లికూతురు ఆగుతుందా?

మర్నాడే నేను బస్సెక్కాను. నూలు రాలేదని ఆరోజు సాంచెలు బంద్. ఇల్లు మాది కాదేమో అన్నంత నిశ్శబ్దంగా ఉంది. టీవీని అప్పటికే పాత దుప్పటిలో చుట్టి గడప పక్కన పెట్టారు. విప్పి, ప్లగ్గు పెట్టి, రిమోట్ నొక్కాను. తెర నల్లగానే ఉంది. టీవీ లోపల మాత్రం ఏదో సీరియల్లో పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది.

వెంటనే మెకానిక్‌కు ఫోన్ కలిపాను.

"సప్పుడొస్తుందా? మరి రాదన్నరు గదక్కా. జర గది లైటు బంద్ జేసి, సెల్లు టార్చి తెరకు దగ్గర పెట్టి చూడుర్రి."

కిటికీలు మూసి టార్చి పెట్టాను. అరచేతంత వెలుగులో, మసకమసకగా, ఏడ్చే పిల్ల ముక్కుపుడక కనిపించింది. జరిపితే కన్ను, ఇంకా జరిపితే పక్కనున్న పెద్దామె.

"అగో, గా లగ్గం పిల్లనే," అంది అవ్వ నా భుజం పట్టుకుని. "బతికే ఉన్నది."

"బొమ్మ ఉన్నదంటే పానెల్ మంచిగున్నట్టే," అన్నాడు మెకానిక్. "ఎనుక వెలిగే ఎల్‌ఈడీ పట్టీలు పోయినయ్. గవి మారిస్తే అయిపాయె. పరేషాన్ గాకుర్రి."

నాకు ప్రాణం లేచొచ్చింది. బాపును ఆటపట్టిద్దామని నోరు తెరిచాను. అప్పుడు తట్టింది. ఇంత ఏడుపు ఏడుస్తుంటే చప్పుడు లేదని అవ్వ ఎట్లా అంది? అప్పుడంటే సాంచెల మోత అనుకుందాం. ఇవాళ అవి బంద్, అయినా బొమ్మ కనబడేదాకా ఆమె ఆ పిల్లను గుర్తుపట్టలేదు. ఆమె వెనక నిలబడి "అవ్వా, చాయ్ తాగుదమా?" అన్నాను. చాయ్ అంటే నిద్రలోంచి లేచే మనిషి, తిరగలేదు. గట్టిగా అన్నాను. అయినా తిరగలేదు.  ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొచ్చిందన్నమాట. అందరం అరిచేవాళ్లమే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ముందుకొచ్చి నిలబడి చెవుల డాక్టరు మాట ఎత్తాను.

"గిన్నేండ్లు ఇన్నది సాలదా? మల్లేమినాలె?" అని కొట్టిపారేసింది.

సాయంత్రానికి మెకానిక్ వచ్చి పట్టీలు మార్చాడు. తెర మీద పందిరి, పూలు, పెళ్లిపీటల మీద ఆ పిల్ల. అవ్వ చాప లాక్కుని ముందుకు జరిగింది. మెకానిక్ ఆమె ముందు రిమోట్ ఆడిస్తూ, "పెద్దమ్మా, సప్పుడు సరిపోతుందా?" అని అడిగాడు.

అవ్వ టీవీ వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. నేను తలూపాను.

"మంచిగొస్తుంది కొడుకా," అని అతనికి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గరికని ఆమెను కరీంనగర్ బస్సెక్కించాను. సీరియల్ యాళ్లకు ఇంట్లో దింపుతానని నాతో ఒట్టు వేయించుకున్నాకే ఎక్కింది.