మూడిళ్ల బువ్వ

ఇబ్రహీంపట్నం శివారులో మూడు కుటుంబాలు పక్కపక్కన ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నాయి. మధ్యలో గోడలు పెట్టలేదు. ఇంటికో పొయ్యి ఉన్నా రాత్రి భోజనం మాత్రం నడిమి రేకుల షెడ్డు కింద అందరికీ కలిపే. చుట్టరికం లేదు. యాచారంలో ఒకే వాడలో పెరిగినవాళ్లు కాబట్టి పిలుపులు మాత్రం వావివరసలతోనే.

వనిత అందులో ఒకింటి కోడలు. కూతురు లిఖితకు రెండేళ్లు నిండగానే మన్నెగూడలో మళ్లీ ల్యాబు ఉద్యోగంలో చేరింది. చేరేముందు అందరికీ గట్టిగా చెప్పింది.

"పిల్లకు మా అత్తమ్మ ఒక్కతే తినిపిస్తది. ఎవరు పడితే వాళ్లు పెట్టకుండ్రి, కడుపు ఖరాబైతది."

"మేమెందుకు పెడ్తం బిడ్డా," అంది పక్కింటి ఇంద్రమ్మ. ఆమె భర్త హన్మంత్ కూడా బుద్ధిగా తలూపాడు.

సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, వనిత పప్పన్నం మెత్తగా కలిపి నోటి దగ్గర పెడితే లిఖిత మూతి తిప్పుకునేది. పైన పోయే విమానం చూపించినా పెదవి విప్పేది కాదు. పిల్ల తన మీద అలిగిందని, తన చెయ్యే మరిచిపోయిందని వనితకు గుబులు పట్టుకుంది.

ఆ శనివారం షెడ్డు కింద అందరూ తింటుండగా కంచం పక్కకు జరిపింది.

"నౌకరీ బందు పెడ్తున్న."

భర్త శ్రీశైలం ముద్ద ఆపేశాడు. "ఇష్టపడి చేరినవ్ గదా, ఏమైంది?"

"పోరి తిండి మానేసింది. కండ్ల ముందట ఎండిపోతుంటే ఎట్ల పోవాలె?"

అందరూ లిఖిత వైపు చూశారు. ఎండిపోతున్న పిల్ల బుగ్గలు గౌను మెడ మీదికి జారుతున్నాయి.

హన్మంత్ గొంతు సవరించుకున్నాడు. "బందు పెట్టకు బిడ్డా. పొద్దుగూకే ముందు నేను జర... ఓ గుడ్డు పెడ్తున్న."

"రోజూనా?"

"ఆకలి తాతా అని అంగి పట్టుకుంటే ఏం జేయాలె?"

ఇంద్రమ్మ మొగుడి మీద కళ్లెర్రజేసింది. "నాకు చెప్పకుండనా? గప్పుడే నేను రొట్టె పాలల్ల నానబెట్టి పెడ్తున్న గదయ్యా!"

మూడో ఇంటి కమలమ్మ కంచంలోకి చూస్తూ గొణిగింది. "నాది ఉప్మా. జరంతనే."

అత్త శ్యామలమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ పాడుగాను! పోరి నన్ను జూసి ఉరుకుతుంటే నా వంటనే బాగలేదనుకున్న."

"మాటిచ్చి గింత మోసమా పెద్దమ్మా?" అంది వనిత.

"నువ్వు వద్దన్నవ్. పిల్ల వద్దన్లే," అంది ఇంద్రమ్మ.

వనితకు అప్పుడు అర్థమైంది. తను వద్దన్నందుకే అందరూ చాటుగా పెట్టారు. చాటుగా పెట్టబట్టే ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. కోపంగానే ఉందామనుకుంది గానీ, కమలమ్మ ముఖం చూసేసరికి నవ్వు ఆగలేదు.

"సరే, పెట్టుండ్రి. కానీ ఒకరికొకరు చెప్పుకొని పెట్టుండ్రి. నా బస్సొచ్చే యాళ్లకు మాత్రం ఎవ్వరు పెట్టొద్దు. రాత్రి ముద్ద నాది."

"మరి నౌకరీ?" అన్నాడు శ్రీశైలం.

"సోమారం పోత."

సోమవారం సాయంత్రం వనిత వచ్చేసరికి హన్మంత్ లిఖితను భుజాన వేసుకుని రోడ్డు మీదే తిరుగుతున్నాడు.

"జల్దీ రా బిడ్డా! గంట సేపటి సంది నా చెవి పీకుతుంది."

వనిత కలిపిన మొదటి ముద్దకే లిఖిత వేలు కొరికింది. వనిత అబ్బా అని అరిచి, రెండో ముద్ద ఇంకొంచెం పెద్దగా కలిపింది.