బార్ కోసం ప్రార్థన

నన్ను నేటివరకు కాపాడిన ప్రభువుకు స్తోత్రం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరులో సింగపూర్ వచ్చిన కొత్తలో, బెడోక్ స్టేషన్లో రైలెక్కి, పక్కన ఫోన్లో తెలుగు మాట్లాడుతున్న పెద్దావిడకు సువార్త కరపత్రం ఇచ్చాను. ఆమె ఒళ్లో నిమ్మకాయల సంచి ఉంది.

“నాది కాక్‌టెయిల్ బార్, బాబూ. కొత్త బార్లవాళ్లు గ్లాసుల్లో పొగలు, మంటలు పెడుతున్నారు. నేను నిమ్మకాయే పిండుతాను. తూలేవాడికి ఒట్టి నిమ్మరసమిచ్చి ఇంటికి పంపిస్తాను. అందుకే ఇన్నేళ్లు నిలిచింది. ఇప్పుడు బిల్డింగ్ ఓనర్ ఖాళీ చెయ్యమంటున్నాడు. ప్రార్థన చేస్తావా?”

“బార్ మూతపడాలనా, ఆంటీ?”

“చాల్లే! మూతపడకూడదని.”

రైల్లోనే కళ్లు మూసుకుని ప్రార్థించాను. సంగతి తెలిసి మా చర్చి సంఘపెద్దలు మండిపడ్డారు. “తూలేవాణ్ని మనలో ఎవరం ఇంటికి చేర్చాం?” అన్నాను. ఆ ప్రార్థన నేటికీ మానలేదు. మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఇంకా తెరిచే ఉన్న ఆ బార్ తలుపు మూయనివ్వకు.