బురద మెత్తిన నంబరు

హోసూరు బస్టాండు దగ్గర మొన్న, నంబరు ప్లేటు మీద తడిమట్టి అంటుకున్న వ్యాను ఒకటి కనబడితే కాసేపు అక్కడే నిలబడిపోయాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కావేరి నీళ్ళ గొడవ కర్ణాటక, తమిళనాడు రెండింట్లోనూ రగులుతున్న ఏడు, అవ్వ మొక్కు తీర్చడానికి తంజావూరు, తిరువైయారు, కుంభకోణం ఒక్క రోజులో చూసెయ్యాలని హోసూరు నుంచి బయలుదేరాం. వ్యాను మామ బెంగళూరు నుంచి తెచ్చాడు. తంజావూరు పొలిమేరలో నాయన దిగి దాని నంబరు ప్లేటుకు బురద మెత్తాడు. దిష్టి తగలకుండా కాబోలు అనుకున్నాను.

"ఈడ దిగినాక ఎవురూ మన మాట మాట్లాడొద్దండి. తమిళంలోనే," అన్నాడు నాయన. మా తెలుగు అక్కడివాళ్ళ చెవికి కన్నడంలా వినబడుతుందని ఆయన భయం. మన మాట వింటే కావేరికి కోపం వస్తుందని నేననుకున్నాను.

గోపురాలు, కొబ్బరితోటలు కిటికీలోంచి జరిగిపోతున్నా వ్యానులో ఎవరూ నోరు విప్పలేదు. తిరువైయారు వంతెన కింద కావేరిలో చూపు ఆనినంత దూరం ఇసుకే. అవతల టీ కొట్టు దగ్గర ఆగితే, బెంచీల మీద కూర్చున్న రైతులు మాటలాపి మా బండినే చూశారు.

"నాయనా, నీళ్ళు కావాల," అన్నాను, గట్టిగానే.

అవ్వ నా నోరు మూసింది. కొట్టాయన బురద ప్లేటును చూశాడు, నన్ను చూశాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి, నేను తాగినంతసేపూ ఏటి ఇసుకవైపే చూస్తూ నిలబడ్డాడు. తాగడం అవ్వగానే నాయన నన్ను భుజం పట్టుకుని బండి ఎక్కించాడు.

మాట దాచమన్నారు గానీ, అక్కడ ఏది అడగకూడదో నాకెవరూ చెప్పలేదు.