డాక్టర్ రుదైనా కుదరని పోలికలు

డాక్టర్ రుదైనాకు పోలిక లేకుండా మాట్లాడటం చేతకాదు. పోనీ ఆ పోలికైనా కుదురుతుందా అంటే, ఒక్కటీ కుదరదు. అమ్మాన్‌లో దిగులుకు వైద్యం చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. దిగులుతో వచ్చినవాళ్ళను కోపంతో బయటికి పంపేది మాత్రం ఈవిడొక్కతే.

ఒకసారి లిఫ్టు ఆగిపోతే, "అలిగిన ఒంటె ఇది, బుజ్జగిస్తే కదులుతుంది" అంది. బాగుచేయడానికి వచ్చినాయన పానా కింద పడేసి, "అలిగిన ఒంటెని ఎప్పుడైనా చూశారా తల్లీ? కదలాల్సింది మనం, పరుగున!" అన్నాడు.

నేను ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, దుప్పటి ముసుగులోనే కాపురం పెట్టిన రోజులవి. "లేచి కూర్చోరా ఖుతైబా, అంతకన్నా ఏమీ అడగను" అని ఏడ్చి ఏడ్చి, చివరికి మా అమ్మే నన్ను ఆవిడ దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

"మనసంటే నది నాయనా. ఉప్పొంగుతూ పోతుంది."

"మన జోర్డాన్ నదేనా? దాన్ని మేకపిల్ల కూడా దూకేస్తుంది."

"అయితే కుళాయి అనుకో. ఎప్పుడు తిప్పితే అప్పుడు సంతోషం."

నాకు ఒళ్ళు మండింది. "మీరే ఊళ్ళో ఉంటున్నారు డాక్టరమ్మా? నీళ్ళొచ్చేది వారానికోసారి! మిగతా రోజులు మేడ మీద ట్యాంకే గతి."

"అది అడుగంటితే?"

"ఇల్లు కూల్చుకుంటామా? కారు కడగడం మానేస్తాం. ముఖం కడుక్కుంటాం, గిన్నెలు కడుక్కుంటాం, నీళ్ళ వంతు కోసం చూస్తాం."

"అలాగా," అంది.

మర్నాడు పొద్దున లేచి ముఖం కడుక్కున్నాను. ఆ రోజుకు అంతే. ఆ మర్నాడు గిన్నెలు కూడా కడిగాను. మా అమ్మ వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

మరోసారి బయట కూర్చుని ఉంటే, లోపల ఉమ్ ముస్లిహ్ గొంతు వినబడింది. మొగుడు పోయినప్పటి నుంచి నోరు విప్పని మనిషి ఆవిడ. ఇప్పుడు వీధి చివరిదాకా వినబడుతోంది.

"దుఃఖం మన్సఫ్ మాంసం పులుసే అయితే, దాన్ని పొయ్యి మీద వదిలేసి నిద్రపొమ్మంటావా? నీకు వంట నేర్పిందెవరే పిల్లా? కలుపుతూనే ఉండాలి! వదిలేస్తే పెరుగు విరిగిపోతుంది!"

"చెయ్యి నొప్పెడితే, అత్తా?" డాక్టరమ్మ గొంతు.

"నా కోడలు కలుపుతానంది. నేనే గరిటె ఇవ్వలేదు" అని మెల్లిగా వినబడింది.

నా వంతు రాగానే నిలదీశాను. "మీకు మన్సఫ్ వండటం నిజంగా రాదా?"

"ఇంటెడు తమ్ముళ్ళకి వండి పెట్టాను."

"మీ మేడ మీద ట్యాంకు?"

"ఉంది, కారుతుంది కూడా." నవ్వింది. "నేను సరైన పోలిక చెబితే తలూపి వెళ్ళిపోతారు నాయనా. తప్పు చెబితేనే మీది మీరు చెబుతారు."

అంతలోనే మళ్ళీ అందుకుంది. "సరే, ఇప్పుడు నువ్వు విమానానివి. రివ్వున ఎగరడమే!"

అది గాలం అని తెలుసు. తెలిసే కొరికాను.

"విమానమేంటి డాక్టరమ్మా! నేను మా మామ పాత ట్రక్కుని. రోజూ పొద్దున్నే నెట్టాలి."

"నెట్టేదెవరు?"

"నేనే. ఇవాళ మా అమ్మ నిద్ర లేవకముందే నెట్టుకొచ్చాను."