గురువారం డాక్టరు

డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గర ఒక కర్మాగారం డిస్పెన్సరీలో నేను డాక్టరుని. కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, కోపం ముక్కు మీదే ఉండేది. చిట్కుల్ నుంచి వచ్చే ఒక క్రేన్ డ్రైవరు ఆ కోపానికి రోజూ పరీక్ష పెట్టేవాడు. "గుండె దడ అమ్మా, జెర సూది ఎయ్యుండ్రి" అంటాడు. చూస్తే గుండె గుండ్రాయిలా ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది, తోటి పనివాడి కాలు నలిగిపోవడం పైనుంచి చూసిన నాటి నుంచి క్రేన్ ఎక్కితే అతని చేతులు వణుకుతున్నాయి. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. నడుం నొప్పి అని రాసి కింద పని ఇప్పించాను. అదెన్నాళ్లు సాగుతుంది?

పట్నం నుంచి వారానికోసారి మానసిక వైద్యుణ్ణి రప్పించడానికి డబ్బివ్వమని మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకున్నాడా! ఇచ్చిన సొమ్ము నలుగురికీ కనబడాలని పక్క గది ఖాళీ చేయించి, 'మానసిక చికిత్స' అని బారెడు బోర్డు పెట్టించాడు. ఇంకేముంది, ఒక్క పురుగు ఆ గడప తొక్కలేదు. పాపం, పట్నం డాక్టరు వచ్చిన ప్రతి గురువారమూ పేపరు చదువుకునేవాడు.

"నువ్వైనా వెళ్లవేమయ్యా?" అని క్రేన్ డ్రైవరు మీద విరుచుకుపడ్డాను.

"ఆ రూములకెళ్లి బయటికొస్తే పిచ్చోడంటరమ్మా. మా తమ్మునికి పిల్లనెవరిస్తరు?"

నా కోపం బోర్డు మీదికి మళ్లింది. అప్పటికప్పుడు దాన్ని పీకించి, నా గదిలోనే తెర కట్టించి, పట్నం డాక్టరుకి కుర్చీ వేయించాను. జ్వరానికీ దడకీ ఒకటే వరుస, ఒకటే చీటీ. ఆయన మొదట నాడి పట్టుకుని, గుండె విని, ఆ తర్వాతే "నిద్ర పడుతోందా?" అని మెల్లగా మొదలుపెట్టేవాడు. గుండె వినకపోతే మావాళ్లు డాక్టరని నమ్మరు మరి. కొన్ని నెలలకి క్రేన్ డ్రైవరు మళ్లీ పైకెక్కాడు. ఎంత సంతోషపడ్డానో!

ఏడాది తిరిగేసరికి కార్మికులూ అధికారులూ కూర్చునే కమిటీలో మేనేజరు మొండికేశాడు. బోర్డు లేదు, గది లేదు, ఇక డబ్బెందుకట! "నయమైనవాళ్లెవరో పేర్లు చెప్పండి. లేదంటే వచ్చే నెల నుంచి బంద్."

"ప్రాణం పోయినా పేర్లు చెప్పను. డబ్బూ వదలను" అన్నాను.

"అయితే ఎవరూ లేరన్నమాట."

కార్మికుల తరఫున కూర్చున్నవాళ్లలో ఆ ఏడాది క్రేన్ డ్రైవరూ ఉన్నాడు. లేచాడు. కూర్చోమని సైగ చేశాను. చూడనట్టే నిలబడ్డాడు.

"నా పేరు రాస్కోండ్రి సార్. నయమైంది నాకే. పిచ్చోడంటే అననియ్యుండ్రి. గురువారం డాక్టర్ని మాత్రం బంద్ వెట్టొద్దు. నా ఎనక ఇంకా మస్తుమంది ఉన్నరు."

మేనేజరు దిగిరాక తప్పలేదు. డబ్బు మంజూరైంది, క్రేన్ డ్రైవరు ఉద్యోగమూ నిలిచింది. కుదరబోతున్న తమ్ముడి సంబంధం మాత్రం ఆ నెలలోనే తప్పిపోయింది. ఆ మాట ఒక గురువారం అతనే వచ్చి చెప్పాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"మీరెందుకు పరేషాన్ అయితరమ్మా? బయట లైనుల జనం నిలవడ్డరు. పిలువుండ్రి."