పంటు మీద మూడో అధ్యాయం

మా గైడు గారికి నా మీద అభిమానం లేదనలేను. తీరిక లేదు, అంతే. కాలేజీలో పట్టుకుంటే కమిటీలు, ఇంటికెళ్తే చుట్టాలు. నా థీసిస్ మొదటి రెండు అధ్యాయాలూ ఆయన జ్వరంతో మంచం మీదున్నప్పుడు గట్టెక్కేయి. తరవాత పాపం ఆయన ఆరోగ్యం కుదుటపడిపోయింది.

ఇక మిగిలింది ఆయన సాయంత్రాలు ఇంటికెళ్లే పంటు, బల్లకట్టులాంటి పెద్ద పడవ. బైకుల్నీ బుట్టల్నీ జనాన్నీ ఎక్కించుకుని సఖినేటిపల్లి రేవులో బయల్దేరి నర్సాపురం వైపు తేలేదాకా, గోదావరి మధ్యలో ఆయన ఎక్కడికీ పోలేరు. నా పిహెచ్‌డీ ఆ ధైర్యం మీదే నడిచింది.

పంటు మీద కాగితం చూస్తే ఆయనకి కళ్లు తిరుగుతాయి. అందుకని నేనే పైకి చదివేదాన్ని. కొబ్బరికాయ ధర ఎందుకు పడిపోతుందన్నది నా పరిశోధన. ఒక పేజీ అయ్యేసరికి అవతలి రేవు వచ్చేసేది. బైకులన్నీ ఒక్కసారే స్టార్టయ్యేవి. "మిగతాది రేపమ్మా" అని ఆయన చెయ్యూపేవారు. రేపు మళ్లీ మొదటి పేజీయే. నిన్నటిది ఆయనకి గుర్తుండేది కాదు. రోజూ రొయ్యల బుట్టతో ఎక్కే మామ్మగారికి మాత్రం అది కంఠతా వచ్చేసింది. నేను తడబడితే అందించేవారు.

ఆ వారంలో మూడో అధ్యాయం మీద ఆయన సంతకం పడకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. అలాంటప్పుడు ఓ సాయంత్రం పంటు ఇసుకమేట ఎక్కి ఆగిపోయింది. సముద్రం పోటు వస్తేగానీ కదలదన్నాడు పంటు నడిపే సరంగు. జనం సరంగుని తిట్టేరు. నేను ఫైలు విప్పేను.

రెండో పేజీ మొదలెట్టగానే గైడు గారు ఉలిక్కిపడ్డారు.

"ఇంకా ఉందామ్మా?"

"నలభై పేజీలండి."

వేరే పనిలేక జనం చుట్టూ చేరేరు. ధర పడడానికి దళారులే కారణమని చదివేసరికి, మలికిపురం కొబ్బరి వ్యాపారి ఒకాయన స్కూటర్ దిగేరు.

"ఏవండీ, మీకు మేం ఏం అపకారం చేసేం?"

"ఆయ్, పిల్లని చదవనివ్వండి ముందు" అన్నారు మామ్మగారు.

"ఆధారాలతో రాసిందండి అమ్మాయి" అన్నారు గైడు గారు గంభీరంగా. ఆ ఆధారాలేవిటో ఆయన కూడా అప్పుడే వింటున్నారు.

సరిగ్గా రెండు పేజీలుండగా పోటొచ్చి పంటు తేలింది. జనం చప్పట్లు కొట్టేరు. నాకు ఏడుపొచ్చింది.

వ్యాపారే సరంగుకి కేకేసేరు. "రెండు పేజీలేనంటండి! ఓ చుట్టు తిప్పండి. మమ్మల్ని ఎంత తిట్టిందో పూర్తిగా విని దిగుతాం."

సరంగు తిప్పేడు. పంటు గోదావరి మధ్యలో గుండ్రంగా తిరుగుతుంటే ముగింపు చదివేను. గైడు గారు రొయ్యల బుట్ట మూత మీద కాగితం పెట్టి సంతకం చేసేరు. నచ్చి చేసేరో, కళ్లు తిరిగి చేసేరో అడగలేదు.

రేవులో దిగుతూ, "నాలుగోది ఎప్పుడు వింటానమ్మా?" అన్నారు.

"సరంగు గారిని కనుక్కుని చెప్తానండి" అన్నాను.