పసుపు అంటని పూలు

పల్లెటూరి పెళ్లి అనే సరుకు ఇప్పుడు మాదాపూర్‌లో బాగా అమ్ముడుపోతోంది. పల్లె నుంచి వచ్చినవాళ్లు దాన్ని అడగరు. శంకర్‌పల్లి దారిలో ఫాంహౌస్, కిరాయి ఎడ్లబండి, మట్టి ముంతల్లో మజ్జిగ: ఇవన్నీ తన పెళ్లికి కోరుకున్న కృష్ణప్రియ కాకినాడలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పెరిగింది.

ఆమె ఆఫీసు స్నేహితురాలు రేఖది బోరబండ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఊడాక, తల్లి కిష్టమ్మకున్న కుట్టుమిషన్ ముందు రేఖ కూర్చుంది. గుడ్డతో పూలు, తోరణాలు, తాంబూలం సంచులు చేయడం మొదలుపెట్టింది. ఉద్యోగం పోయినా చేతిపని నిలబెడుతుందని ఉపదేశించినవాళ్లు ఒక్క పువ్వు కొనలేదు. అందుకే రేఖ తన ఆశంతా కృష్ణప్రియ ఒప్పజెప్పిన ఈ పెళ్లిపందిరి మీదే పెట్టుకుంది. పాత ఆఫీసంతా వస్తుంది, చూస్తుంది, నాలుగు పెళ్లిళ్లకు పిలుస్తుంది. అదే ఆఫీసులోని నవ్య అయితే తన పెళ్లికీ నువ్వే చేయాలని అప్పుడే మాటిచ్చింది.

కృష్ణప్రియ ఫోన్లో ఒక ఫొటో పంపింది. రంగూ అంచూ లేని కోరా గుడ్డ పూలు. "అచ్చం ఇలాగే కావాలే. న్యాచురల్‌గా."

కిష్టమ్మ గుడ్డ చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెండ్లికి కోరా గుడ్డేంది బిడ్డా? గది పీనుగ మీద కప్పేది. జర అంచులకన్న పసుపు పెట్టు."

రేఖ ఫోన్ చేసి అడిగింది. "పసుపు వద్దే బాబూ! ఫొటోల్లో పప్పు ఒలికినట్టుంటుంది" అంది కృష్ణప్రియ.

"నువ్వు ఊకో అమ్మా. ఆమెకు గట్లనే కావాల్నట. చదువుకున్నోళ్లు, గివన్ని పట్టించుకోరు."

"నువ్వు చదువుకోలేదానే?"

చదువుకుంది. ఆ చదువు నేర్పిందల్లా క్లయింట్ ఏది అడిగితే అది ఇచ్చేయమనే. కొత్త గుడ్డకు పసుపు పెట్టకుండా చిన్నపిల్లకు గౌను కూడా తొడగని ఇంట్లో పుట్టి, పెళ్లి పందిరి నిండా పసుపు అంటని కోరా గుడ్డ కట్టించింది.

పెళ్లి రోజు వరుడి నాయనమ్మ భ్రమరాంబ బండి దిగి పందిరి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇది పెళ్లి పందిరేనా? పసుపు చుక్క లేదు, కుంకుమ బొట్టు లేదు. ఎవరండీ కట్టించిందీ? ఈ గుడ్డల కింద నా మనవడి మీద అక్షింతలు వేయను, ఏమనుకున్నా సరే."

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. అందరూ పెళ్లికూతురి వైపు తిరిగారు.

"రేఖ చేసిందండీ. నాకివన్నీ ఏం తెలుస్తాయి, నాయనమ్మగారూ?" అంది కృష్ణప్రియ.

నువ్వే గదా వద్దన్నవ్ అనే మాట రేఖ గొంతు దాకా వచ్చింది. కానీ కృష్ణప్రియ నుదుటికి బాసికం కట్టి ఉంది. అలా ఉన్న మనిషిని అబద్ధాలకోరని అనే ధైర్యం ఎవరికుంటుంది?

"నాదే తప్పు" అంది రేఖ.

తోరణాలు తెంపేశారు. కృష్ణప్రియ తన జడలోని గుడ్డపూలు తానే పీకి ఒక పళ్లెంలో పడేసింది. తోరణాల చోట ఫాంహౌస్ వాళ్ల ప్లాస్టిక్ బంతిపూల దండలు వేలాడాయి. ముసలామె శాంతించి అక్షింతలు వేసింది. ఆమెను తిట్టుకుని లాభం లేదు. ఆ నమ్మకం కనీసం ఆమె సొంతం. కృష్ణప్రియకు పల్లె మీదా నమ్మకం లేదు, స్నేహం మీదా లేదు.

భోజనాల దగ్గర నవ్య పలకరించింది. "చాలా బాగా చేశావ్ రేఖా, నిజంగా. కానీ మా కాబోయే అత్తగారు కూడా చూశారుగా ఇదంతా..." మిగతా మాట మింగేసి, ప్లేటు పట్టుకుని అవతలికి వెళ్లిపోయింది.

రేఖ ఇంటికి తిరిగి తెచ్చిన పూల సంచిని కిష్టమ్మ విప్పింది. నేను చెప్పలేదా అనలేదు.

"మసిగుడ్డలైతయ్ తియ్" అని పూల కుట్లు విప్పసాగింది. రేఖ దారాలు ఏరసాగింది.

రెండు రోజులకు కృష్ణప్రియ మెసేజ్ పెట్టింది: "సారీనే. అప్పుడు ఇంకేం చెప్పను? నువ్వే అర్థం చేసుకోవాలి." అర్థం చేసుకోవడానికి రేఖకు ఇంకేమీ మిగల్లేదు. మెసేజ్ తీసేసింది.

తర్వాతి నెల గచ్చిబౌలిలో ఒక డేటా ఎంట్రీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లింది. పాత జీతంలో సగం కూడా రాని పని. అవతలి మనిషి బయోడేటా తిప్పి చూశాడు.

"మధ్యలో ఇంత గ్యాప్ ఉందేంటండీ? కుట్టుపని, డిజైనింగ్ లాంటివేమైనా చేశారా? ఈ మధ్య చాలామంది అదే చెబుతున్నారు."

"లేదండి. ఏం చేయలేదు. ఇంట్లోనే ఉన్నాను" అంది రేఖ.